ఫారంలో తండ్రి పేరు

గాంజోరిగ్ మొదటిసారి మా వలస కార్మికుల సహాయ కేంద్రానికి వచ్చినప్పుడు తన సంగతి కాదని, ఒక స్నేహితుడి సంగతని చెప్పాడు. అక్టోబరు నెల, ఆదివారం మధ్యాహ్నం. కొరియాలో, ఈ పొచన్ ఊళ్లోని ఫర్నిచర్ కార్ఖానాలకు సెలవు ఆ ఒక్కరోజే కాబట్టి మా కేంద్రం ఆదివారాలు కిటకిటలాడిపోతుంది. నేను అక్కడ మంగోలియన్లకు దుభాషిని. పేరు తుంగలగ్. కొరియా మనిషిని పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చి పదిహేనేళ్లయింది. మా వాళ్లంతా తుంగా అక్క అంటారు.

"అక్కా, ఆ స్నేహితుడు ఇంకొకడి పాస్‌పోర్టు మీద దిగాడు. పన్నెండేళ్లయింది. వాడికో కూతురుంది, ఇక్కడే స్కూల్లో చదువుతోంది. ఆ పిల్లకి కాగితాలొస్తాయా?"

"పిల్లకి రావచ్చు."

"మరి వాడికో?"

"నీ స్నేహితుడి గోళ్లలో కూడా నీకున్నట్టే వార్నిష్ ఇరుక్కుని ఉంటుందా తమ్ముడూ?" అన్నాను.

అతను చేతులు గబుక్కున బల్ల కిందికి లాక్కున్నాడు. కాసేపటికి నవ్వేశాడు. ముందు పన్ను ఒకటి సగం విరిగి ఉంది.

నెమ్మదిగా మొత్తం చెప్పాడు. మంగోలియాలో, ఆర్హంగాయ్ ప్రాంతంలో వాళ్లకి నాలుగొందల గొర్రెలు ఉండేవట. ఒక చలికాలం మంచు గడ్డకట్టి, గడ్డి అందక, వసంతానికల్లా ముప్పై ఏడు మిగిలాయి. పని కోసం కొరియా రావాలనుకుంటే, దానికి రాయాల్సిన కొరియన్ భాష పరీక్ష రెండుసార్లు తప్పాడు. మూడోసారి పరీక్ష రాయకుండా, పాసైన చోయిజిల్ అనే ఒకాయన పాస్‌పోర్టు కొనుక్కుని, దాని మీద తన ఫొటో అంటింపించుకుని వచ్చేశాడు. చోయిజిల్ అన్న పేరు నోరు తిరగక కార్ఖానాలో అందరూ 'చో' అన్నారు. చో అంటే ఇక్కడ ఇంటిపేరు కూడా కాబట్టి కొత్తగా చేరినవాళ్లు అతన్ని కొరియా మనిషే అనుకునేవాళ్లు, నోరు విప్పేదాకా.

ఏడాది తరవాత భార్య దులంసురెన్ ఐదేళ్ల కూతురు సరూల్‌ని తీసుకుని చుట్టపుచూపు వీసా మీద వచ్చింది. వీసా గడువు అయిపోయింది. వాళ్లు వెళ్లలేదు. వాళ్లిద్దరి పాస్‌పోర్టులు మాత్రం అసలువే.

ఇప్పుడు సరూల్‌కి పదహారు. ఇక్కడ హైస్కూలు మూడేళ్లు, ఆ పిల్లకిది మొదటి ఏడు. తరగతిలో వాళ్లంతా విమానంలో విహారయాత్రకి వెళితే ఈ పిల్ల కాగితాలు చూపించాల్సొస్తుందని భయపడి, కడుపునొప్పి అని ఇంట్లో పడుకుంది. వాళ్ల క్లాస్ టీచరుకి అనుమానమొచ్చి పిలిచి మాట్లాడింది. తరవాత ఒక కరపత్రం తెచ్చి చేతిలో పెట్టింది. చిన్నప్పుడే వచ్చి ఇక్కడే చదువుకుంటున్న పిల్లలకు, కాగితాలు లేకపోయినా, ఉండే అనుమతి ఇస్తారనీ, పిల్ల హైస్కూలు ముగించేదాకా తల్లిదండ్రులకూ తాత్కాలికంగా ఇస్తారనీ అందులో ఉంది. దరఖాస్తులు మార్చి నెలాఖరు దాకానే. గాంజోరిగ్ ఆ కరపత్రాన్ని మడిచి మడిచి తపాలా బిళ్లంత చేసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"ఇందులో చివరి లైను చదివావా?" అని అడిగాను.

"నాకు అంత కొరియన్ రాదు. పిల్ల చదివి చెప్పింది. చివరిది చెప్పలేదు."

"దొంగ పాస్‌పోర్టు మీద దిగినవాళ్లకి ఇది వర్తించదు."

అతను తలూపాడు. ముందే తెలుసన్నట్టుగానే ఊపాడు.

తరవాతి ఆదివారం దులంసురెన్ వచ్చింది. గుడ్డలో మూటకట్టిన హుషూర్లు తెచ్చింది. మాంసం కూరి నూనెలో వేయించినవి, ఇంకా వేడిగా ఉన్నాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. పుట్టగొడుగుల తోటలో పనిచేస్తుంది.

"అక్కా, మా తోటలో ఒకామె సలహా ఇచ్చింది. గాంజోరిగ్‌ని వదిలేసి, భార్య పోయిన కొరియా ముసలాణ్ణి ఎవణ్ణైనా చూసుకోమంది. మూణ్ణెల్లలో ఇక్కడ ఉండే కార్డు చేతికొస్తుందట."

"మూణ్ణెల్లా? నాకు రెండేళ్లు పట్టింది, పైగా మా ఆయన ముసలాడు కూడా కాదు" అన్నాను.

"నీకేం, నీకు కాగితాలతో పాటు మొగుడు ఉచితంగా వచ్చాడు."

"మొగుడితో పాటు అత్తగారు కూడా ఉచితమే. కావాలంటే పంపిస్తాను, వచ్చే నెల మిరపకాయల పచ్చడి పెట్టుకోడానికి తీసుకెళ్లు."

ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే ఆమె సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. టీకాల పుస్తకం, బడి సర్టిఫికెట్లు, పాత పాస్‌పోర్టు, అందులో విమానాశ్రయం ముద్ర. పిల్ల ఎప్పుడొచ్చిందో, ఎన్నేళ్లు చదివిందో రుజువుకి అన్నీ ఉన్నాయి. ఇంత శుభ్రంగా దాచుకున్న దస్త్రం నేను చాలా అరుదుగా చూస్తాను.

ఒక్కచోటే చిక్కు. మా మంగోలియన్లకు ఇంటిపేర్లు వాడుకలో లేవు, తండ్రి పేరే బిడ్డ పేరుకు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో ఆ పిల్ల గాంజోరిగ్ సరూల్. బడి రికార్డులో మాత్రం తండ్రి పేరు చోయిజిల్. చేర్చేటప్పుడు ఇంటి అద్దె కాగితం ఆ పేరు మీదే ఉంది కాబట్టి అలాగే రాయించారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా కనబడుతుంది.

దానికి గాంజోరిగ్ ఒక దారి ఆలోచించి ఉంచాడు. దులంసురెన్ గొంతు తగ్గించి చెప్పింది. ఆఫీసులో అనాల్సింది ఇదీ: పిల్లని కన్న తండ్రి గాంజోరిగ్ మంగోలియాలోనే ఉన్నాడు, ఎప్పుడో వదిలేశాడు. చోయిజిల్ అనేవాడు ఇక్కడ తల్లితో కలిసుంటున్న పరాయి మగాడు, అంతే. తల్లీ కూతుళ్లే దరఖాస్తు పెట్టుకుంటారు. పరాయివాడితో ఆఫీసుకి పనేముంది? అతను ఎప్పటిలాగే తలుపులకి రంగు వేసుకుంటూ ఉంటాడు.

"ఆలోచన ఎలా ఉంది?" అని అడిగింది.

నేను అబద్ధం చెప్పమనలేదు. వద్దని కూడా అనలేదు. ఆ మాట ఇక్కడ ఒప్పుకోవాలి. నిజానికి నాకు కొంచెం తేలికగానే అనిపించింది. ముగ్గురిలో ఇద్దరు ఒడ్డున పడతారు, మూడోవాడు ఉన్నచోటే ఉంటాడు.

దరఖాస్తుతో పాటు పిల్ల తన చేత్తో రెండు పేజీలు రాయాలి. తన కుటుంబం గురించి, ఇక్కడ ఎందుకు ఉండాలనుకుంటోందో. నవంబరులో ఒక గురువారం బడి అయిపోయాక సరూల్ ఆ పేజీలు తీసుకుని వచ్చింది. పొడుగు పిల్ల, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. తల్లిదండ్రులతో మంగోలియన్‌లో మాట్లాడుతుంది, కోపమొస్తే కొరియన్‌లోకి దిగుతుంది.

"పిన్నీ, తప్పులేమైనా ఉంటే దిద్దు" అంది.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మొదటి పేరా బడి గురించి. రెండో పేరా ఇలా మొదలైంది: 'మా నాన్న పేరు గాంజోరిగ్. కార్ఖానాలో ఆయన్ని చో అంటారు. అది ఆయన పేరు కాదు. ఆయన ఇంకొకరి పాస్‌పోర్టు మీద వచ్చారు. నాకు పదేళ్లప్పుడు ఇమిగ్రేషన్ వాళ్లు తనిఖీకి వచ్చారని కార్ఖానాలో రంగు ఆరబెట్టే గదిలో మూడు గంటలు దాక్కుని, ఆ వాసనకి స్పృహ తప్పి పడిపోయారు. ముందు పన్ను అప్పుడే విరిగింది. మా స్కూలు కాగితాల్లో రాసిన పేరు తప్పు. దాన్ని సరిదిద్దమని కోరుతున్నాను.'

"మీ నాన్న చూశాడా ఇది?"

"లేదు."

"ఇది ఇలాగే ఇస్తే ఆయన్ని పంపించేస్తారమ్మా. నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది. మరి ఇంకోలా రాయాలంటే ఏం రాయాలి పిన్నీ? మా నాన్న నన్ను చిన్నప్పుడే వదిలేసి పోయాడని రాయాలి. నా చేత్తో. అది రాసేసి, సాయంత్రం ఇంటికెళ్లి ఆయన వండిపెట్టింది తినాలి."

నేను ఆ పేజీలు బల్ల మీద పెట్టాను.

"అదొక్కటే కాదు," అంది కొరియన్‌లోకి మారిపోతూ. "రేపు ఎవడో ఒకడు పట్టుకుంటాడు. ఈ రెండు పేర్లూ చూస్తే పట్టుకోరా? అప్పుడు అబద్ధం రాసింది నేనవుతాను. నా కాగితాలు పోతాయి, అమ్మవీ పోతాయి. పట్టుకోకపోతే ఇంకా ఘోరం. నాన్న చచ్చేదాకా చోగానే ఉండాలి. నాకేదైనా అయితే ఆస్పత్రిలో తండ్రినని సంతకం కూడా పెట్టలేడు."

పదహారేళ్ల పిల్ల ఆలోచించినంత నేను ఆలోచించలేదు. సిగ్గేసింది. అయినా పెద్దదాన్ని కాబట్టి అన్నాను, "ముందు మీ నాన్నకి చూపించు. ఆయన గురించి రాసింది ఆయనకి తెలియకుండా నేను తీసుకోను."

"అయితే నువ్వూ రా."

శనివారం సాయంత్రం వెళ్లాను. కార్ఖానా వెనక రేకుల గదులు రెండు. లోపల నేల వెచ్చగా ఉంది, ఉప్పు వేసిన పాల టీ మరుగుతోంది. దులంసురెన్ పిండి కలుపుతోంది. సరూల్ ఆ రెండు పేజీలనూ మంగోలియన్‌లోకి మార్చి గట్టిగా చదివింది. ఎక్కడా ఆగలేదు.

గాంజోరిగ్ కూతురి చేతిలోని కాగితాల వైపు చూశాడు. తరవాత అన్నాడు, "అంటే నువ్వు మంచిదానివనిపించుకోడానికి నన్ను విమానం ఎక్కిస్తావన్నమాట."

"నాన్నా, అది కాదు..."

"ఏది కాదు? నేనేమన్నా నాకోసం అడిగానా? మీ ఇద్దరూ తలెత్తుకుని రోడ్డు మీద నడవండి, నేను వెనకాల ఎక్కడో ఉంటానన్నాను. అది కూడా బరువైపోయిందా నీకు?"

"వెనకాల ఎక్కడ? రంగు గదిలోనా?"

"నోర్ముయ్!"

సరూల్ నోరు మూసుకుంది. కాగితాలు మాత్రం వదల్లేదు. దులంసురెన్ పిండి చేతులతోనే లేచి నిలబడింది. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"పన్నెండేళ్లుగా వాడి పేరుతో బతికావు. మేం ఏమీ అనలేదు, కడుపు కోసమే కదా అని. ఇప్పుడు పిల్లని కూడా నువ్వు వదిలేసి పోయినట్టు దాని చేతే రాయమంటున్నావు. నాకిష్టం లేదు. ఆ రోజు తుంగా అక్కకి ఆ మాట చెప్పింది నేనే, చెప్పినప్పటినుంచీ నాకు అన్నం సయించట్లేదు."

అతను చెప్పులేసుకుని బయటికి పోయాడు. పావుగంటో అరగంటో అయింది. మేం ముగ్గురం టీ తాగలేదు, చల్లారిపోయింది. అతను లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు, కూతురి వైపు చూడకుండా.

"అక్కా, నా అంతట నేను ఆఫీసుకి వెళ్తే చేతులకి బేడీలు వేస్తారా?"

"తనంతట తాను వచ్చినవాణ్ణి మామూలుగా అలా చెయ్యరు. కానీ నేను మాట ఇవ్వలేను."

"వేస్తే వెయ్యనీ. పిల్ల మాత్రం చూడకూడదు. అది ఇంకో గదిలో ఉండేటట్టు చూస్తావా?"

చూస్తానన్నాను.

డిసెంబరు మొదటి వారంలో నలుగురం ఇమిగ్రేషన్ ఆఫీసుకి వెళ్లాం. అతను చొక్కా ఇస్త్రీ చేసుకుని, మెడ బిగించి గుండీ పెట్టుకున్నాడు. టోకెను తీసుకుని గంటన్నర కూర్చున్నాం. దులంసురెన్ సంచీలోంచి ఏదో ఒకటి తీసి తినమంటూనే ఉంది, ఎవరూ తినలేదు.

కళ్లద్దాల అధికారి ఒకాయన కాగితాలు చూసి, గాంజోరిగ్ వేలిముద్రలు తీసుకున్నాడు. తెర మీద చోయిజిల్ అని వచ్చింది.

"ఈ చోయిజిల్ ఎవరు?"

"నేనే" అన్నాడు గాంజోరిగ్. నేను అనువదించాను.

"మరి గాంజోరిగ్?"

"అదీ నేనే."

అధికారి నా వైపు తిరిగాడు. "దుభాషి గారూ, సరిగ్గానే చెప్తున్నారా?"

"సరిగ్గానే చెప్తోందండీ," అంది సరూల్. "ఇద్దరూ మా నాన్నే. నా స్టేట్‌మెంటులో రెండో పేరాలో ఉంది."

పిల్లని వేరే గదిలో కూర్చోబెడదామన్నది అందరం మర్చిపోయాం. ఆయన ఆ రెండు పేజీలూ రెండుసార్లు చదివాడు. మొహంలో జాలీ లేదు, కోపమూ లేదు. పై అధికారిని పిలిచాడు. గాంజోరిగ్‌ని విడిగా నాలుగు గంటలు ప్రశ్నించారు. పాస్‌పోర్టు ఎవరు అమ్మారు, ఎంతమంది అలా వచ్చారు, కార్ఖానా యజమానికి తెలుసా? తనకి తెలిసినంత చెప్పాడు. తోటివాళ్ల పేర్లు అడిగినప్పుడు మాత్రం, పన్నెండేళ్ల కిందటిది గుర్తులేదన్నాడు. అది నేను మాట మార్చకుండా అలాగే అనువదించాను. బేడీలు వెయ్యలేదు. పిలిచినప్పుడు రావాలని రాయించుకుని పంపేశారు.

ఇతనే తండ్రి అన్న రుజువుకి రక్తసంబంధం పరీక్ష కావాలన్నారు. జనవరిలో చేయించాం. ఫలితం కాగితం మీద 'తండ్రి: గాంజోరిగ్' అని అచ్చయి ఉంది. ఈ దేశంలో అతని సొంత పేరు మీద వచ్చిన మొదటి కాగితం అది. కేంద్రంలో నా బల్ల దగ్గర నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు.

ఫిబ్రవరి చివర్లో నిర్ణయం వచ్చింది. సరూల్‌కి చదువుకునే అనుమతి. దులంసురెన్‌కి కూతురు హైస్కూలు పూర్తిచేసేదాకా ఉండే అనుమతి, పని చేసుకోవచ్చు. గాంజోరిగ్‌కి లేదు. తనంతట తాను వచ్చి నిజం చెప్పాడు కాబట్టి నిర్బంధం లేకుండా, ఏప్రిల్ పదిలోగా దేశం వదిలి వెళ్లాలి. కొన్నేళ్లపాటు మళ్లీ రాకూడదు. మా కేంద్రంలో ఉచితంగా పనిచేసే న్యాయవాది, పిల్ల చదువు అయ్యేదాకా గడువివ్వమని అర్జీ పెట్టాడు. పది రోజుల్లో కాదని జవాబొచ్చింది.

కార్ఖానా యజమానికి సంగతి చెప్పడానికి గాంజోరిగ్ నన్ను కూడా తీసుకెళ్లాడు. ఆ ముసలాయన అంతా విని, "చో కాదా నువ్వు? గాం... ఏంటి?" అని మూడుసార్లు పలకబోయి వదిలేశాడు. "నువ్వు పోతే తలుపులకి రంగెవడు వేస్తాడయ్యా, ఈ కుర్రాళ్లు వేస్తే కన్నీళ్లలా కారుతుంది" అన్నాడు. తరవాత లోపలికెళ్లి తన పాత ఉన్ని కోటు తెచ్చి ఇచ్చాడు.

ఇంచన్ విమానాశ్రయానికి నా కారులోనే తీసుకెళ్లాను. పొద్దున పది గంటల విమానం. దారిలో మొగుడూ పెళ్లాలు గ్యాస్ పొయ్యి గురించి, నీళ్ల గొట్టం గురించి మాట్లాడుకున్నారు. ఏది ఎటు తిప్పితే ఆగుతుందో అతను మళ్లీ మళ్లీ చెప్పాడు. సరూల్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. లోపలికి వెళ్లే ముందు తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నేనది రాయకపోయుంటే..."

"రాయకపోయుంటే ఇవాళ తలుపులకి రంగు వేస్తుండేవాణ్ణి."

"కోపంగా ఉందా?"

అతను ఆలోచించాడు. "ఉంది. కొంచెమే. అక్కడికెళ్లాక తగ్గుతుందిలే. కానీ తల్లీ, ఆరోజు ఆఫీసులో ఆ కళ్లద్దాలాయనకి నువ్వు జవాబు చెప్పావు చూడు, 'ఇద్దరూ మా నాన్నే' అని. నాకు కొరియన్ అంతగా రాకపోయినా ఆ మాట అర్థమైంది."

లోపలికి వెళ్లిపోయాడు. దులంసురెన్ అప్పటిదాకా బాగానే ఉంది. కారు దగ్గరికొచ్చాక తాళం వేసిన తలుపు పట్టుకుని లాగుతూ, "తెరుచుకోదేంటిది, తెరుచుకోదేంటిది" అని ఏడ్చింది. నాకు తాళం తీసే తీరిక కూడా ఇవ్వలేదు.

అది జరిగి ఏడాదిన్నర. దులంసురెన్ పుట్టగొడుగుల తోట మానేసి ఒక వృద్ధుల ఆస్పత్రిలో బట్టలుతికే చోట పనికి చేరింది. వచ్చే ఫిబ్రవరిలో సరూల్ హైస్కూలు అయిపోతుంది, దాంతో తల్లి అనుమతి కూడా అయిపోతుంది. పిల్ల కాలేజీలో చేరితే ఉండొచ్చు, ఒంటరిగా. అప్పటికి నిబంధనలు మారొచ్చని మా న్యాయవాది అంటాడు. మారకపోవచ్చని కూడా అంటాడు. దులంసురెన్ మంగోలియా తీసుకెళ్లడానికి ఇప్పటినుంచే దుప్పట్లు కొంటోంది.

గాంజోరిగ్ మంగోలియాలో, దర్ఖన్ పట్నంలో ఒక వడ్రంగి దుకాణంలో ఉన్నాడు. మొదటి నాలుగు నెలలూ ఫోనులో కూతురితో పొడిపొడిగా మాట్లాడేవాడట. ఇప్పుడు మామూలైపోయాడు. మొన్న ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగా వీడియో కాల్ వచ్చింది. పిల్ల ఏం చదవాలన్నదాని మీద గొడవ. సరూల్ కట్టుడు పళ్లు తయారుచేసే కోర్సు చదువుతానంటోంది, ఉద్యోగం దొరికితే వీసా కూడా దొరుకుతుందని లెక్కచూసుకుంది. గాంజోరిగ్‌కి నర్సు కావాలని ఉంది.

"ఇంత చదువూ చదివి ముసలాళ్లకి పళ్లు చేస్తావా?" అని అరుస్తున్నాడు.

"ముందు నీకే చేస్తాను, ఆ సగం పన్నుతో ఎన్నాళ్లు నవ్వుతావు?"

"నా పన్ను జోలికి రాకు. అక్కా, నువ్వైనా చెప్పు దానికి!"

"నన్ను లాగొద్దు తమ్ముడూ, నేను అనువాదం మాత్రమే చేస్తాను" అన్నాను.

దులంసురెన్ ఫోను లాక్కుని, వంటగదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసుకుని, పిల్ల చెప్పిందే సరైందని అతనికి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ గొంతు మాకిద్దరికీ బాగానే వినబడుతోంది. సరూల్ కాలేజీ దరఖాస్తు తీసి నింపుకోవడం మొదలుపెట్టింది.